అంచు కింద చెయ్యి

నర్సమ్మ ఇంటి వెనక గదిలో కిటికీ అద్దానికి పన్నెండు కాగితం ముక్కలు అంటించి ఉంటాయి. ఒక్కొక్కటీ అరచేతంత ఉంటుంది. అన్నిటి మీదా అదే బొమ్మ: ఒక స్టీలు గిన్నె, అందులో రెండు టమాటాలు, గిన్నె అంచు పట్టుకున్న ఆవిడ భర్త బొటనవేలు. ప్రతి ముక్కలోనూ సగం మీద నల్ల కాగితం కప్పి టేపు వేసి ఉంటుంది. సందులోంచి వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసి, రిటైరయ్యాక ఈవిడకి పొద్దుపోవడం లేదు పాపం అనుకుని వెళ్ళిపోతారు. అనుకోనివ్వండి. ఆ ముక్కలు అక్కడెందుకున్నాయో తెలిస్తే అంత తేలిగ్గా వెళ్ళిపోలేరు.

ఏ ఇంకు ఏ కాగితం మీద ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడడం ఆవిడ పని. నల్ల కాగితం కింద ఉన్న సగానికి ఎండ తగలదు. రెండో సగం రోజంతా ఎండలోనే ఉంటుంది. నెలకోసారి నల్ల కాగితం ఎత్తి, రెండు సగాలూ పక్కపక్కన చూసి, ఏ రంగు ఎంత దిగిందో నోటుబుక్కులో రాసుకుంటుంది. బొమ్మలో మనిషి చెయ్యి ఉండి తీరాలని పట్టుదల. టమాటా ఎర్రగా ఉందా, మరీ ఎర్రగా ఉందా అంటే ఎవరైనా పొరబడతారు గాని, చర్మం రంగులో కాస్త తేడా వచ్చినా పసిపిల్లలు కూడా పట్టేస్తారంటుంది.

"పెళ్ళయిన కొత్తలో నా ఫోటో పర్సులో పెట్టుకోమంటే చోటు లేదన్నావు. ఇప్పుడు నా బొటనవేలుని పన్నెండుసార్లు కిటికీకి ఆరేశావు," అంటాడు భర్త.

ఆయన వడ్రంగి. ముందుగదిలోనే ఆయన పనిబల్ల. ఈవిడ అచ్చు వేసే ఫోటోలకి ఫ్రేములు కట్టేదీ ఆయనే. ఆ ఫ్రేములకి ఒకటే లోపం. అద్దాన్ని పట్టుకునే అంచు వేలెడు వెడల్పు పెడతాడు. సన్నగా పెడితే పదేళ్ళకి అద్దం జారిపోతుందని ఆయన భయం. మీ ఫ్రేము సగం బొమ్మ మింగేస్తుందని ఈవిడ, మింగితే మింగింది అద్దాన్ని మాత్రం కక్కదని ఆయన, ఏళ్ళ తరబడి ఇదే తగువు.

నర్సమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు కాన్పుల వార్డులో పనిచేసింది. పుట్టిన ప్రతి బిడ్డా ఇంటికి వెళ్ళదు. ఒక గంట, ఒక పూట ఉండి పోయేవాళ్ళుంటారు. అలాంటి బిడ్డకి ఎవరూ ఫోటో తీయరు, పేరు పెట్టరు, బట్ట తొడగరు. వారం తిరిగేసరికి ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళుండరు. తల్లి ఒక్కతే లోపల పెట్టుకుని తిరుగుతుంది. ఇది చూసి చూసి ఆవిడ ఒక చిన్న కెమెరా కొనుక్కుంది. తల్లి సరేనంటే, కుడిచేత్తో కెమెరా పట్టుకుని, ఎడమచేత్తో బిడ్డ తల ఎత్తి పట్టి, ఒక్క ఫోటో తీసేది. ఇంట్లో ప్రింటరు మీద అచ్చు వేసి, భర్త చేత ఫ్రేము కట్టించి, కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజున తల్లి చేతిలో పెట్టేది. మర్నాడు కంప్యూటర్లోంచి ఆ ఫోటో చెరిపేసేది. ఒకరి కడుపుకోత ఇంకొకరి మిషనులో ఉండకూడదని పెట్టుకున్న నియమం అది. మంచి నియమమే అనుకుంది.

ఆ రోజుల్లో ఆవిడకి ఇంకుల సంగతి తెలియదు. సీసాల్లో వచ్చే ఇంకు కొని ప్రింటరులో పోసుకునేది. "ఏ ఇంకైనా ఒకటేనమ్మా, రంగు రంగే కదా," అన్నాడు కొట్టువాడు. అమ్మేవాడికి అన్నీ ఒకటే. అది నీళ్ళలో కరిగే రంగు. చక్కెర కలిసిపోయినట్టు కలిసిపోయి ఉంటుంది. కాగితం మీద పడ్డ రోజున కళ్ళు చెదిరేలా ఉంటుంది, ఎండ తగిలితే దిగిపోతుంది. పొడిరంగు ఇంకు వేరు. కొట్టువాళ్ళు దాన్ని పిగ్మెంట్ ఇంకు అంటారు. అందులో రంగు కరగదు. మెత్తటి పొడిగా తేలుతూ ఉండి, కాగితం మీద పూతలా నిలబడుతుంది. మెరుపు తక్కువ గాని అంత త్వరగా పోదు.

ఈ తేడా నర్సమ్మకి కిటికీకి మొదటి ముక్క అంటించిన నాలుగో నెలలో తెలిసింది. నల్ల కాగితం ఎత్తి చూస్తే కప్పిన సగంలో టమాటాలు ఎర్రగా ఉన్నాయి. కప్పని సగంలో ఆకుపచ్చకి తిరిగాయి. అన్నిటికన్నా ముందు ఎరుపే పోయింది. భర్త బొటనవేలు రోగిష్టి మనిషి వేలులా ఉంది.

అప్పటికి ఆ ఇంకుతో వేసినవి నలభై రెండు ఫోటోలు ఇచ్చేసింది. ఆ రోజే ఇంకు మార్చింది, కాగితం మార్చింది. ఆ నలభై రెండు ఇళ్ళకీ మాత్రం కబురు పెట్టలేదు. పెట్టెలో దాచుకుని ఉంటారులే అనుకుంది. మానిన పుండు కెలకడం ఎందుకనుకుంది. అసలు కారణం వేరే ఉందని ఆవిడకీ తెలుసు. వెళ్ళి ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎవరో ఒకరు ఫ్రేము పట్టుకుని వస్తారని నాలుగేళ్ళుగా భయపడుతూనే ఉంది. తలుపు చప్పుడైతే ముందు అదే గుర్తొచ్చేది.

ఆ రోజు పొద్దున్న పదిగంటలకి తలుపు చప్పుడైంది. భర్త తీశాడు. గుమ్మంలో ముప్ఫై అయిదేళ్ళావిడ నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు, తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది. చేతిలో గుడ్డసంచి.

"సిస్టర్ ఉన్నారా బాబాయిగారూ?"

నర్సమ్మ వంటింట్లోంచి వచ్చింది. మొహం చూసి గుర్తుపట్టలేదు. ఆవిడ చేతుల మీదుగా కొన్ని వేల కాన్పులు జరిగాయి. సంచిలోంచి బయటికి వస్తున్న ఫ్రేము మూల చూసి మాత్రం గుర్తుపట్టింది. వేలెడు అంచు.

"నేను బట్టలు కుడతానండి. ఆరేళ్ళ కిందట మీ వార్డులో పాప పుట్టింది. నలభై నిమిషాలుంది." ఈ నాలుగు ముక్కలూ దారి పొడుగునా అనుకుంటూ వచ్చినట్టు తడబడకుండా అంది.

కూర్చోబెట్టారు. టైలరమ్మ ఫ్రేముని ఒళ్ళో పెట్టుకుని చుట్టిన గుడ్డ విప్పింది. అద్దం వెనక కాగితం లేత పసుపుపచ్చగా ఉంది. తువ్వాలు ఎక్కడ అయిపోయిందో బుగ్గ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మూసుకున్న కళ్ళ గీతలు రెండు, ముక్కు కింద నీడ ఒకటి మిగిలాయి. ముందే తెలిసిన కళ్ళకి తప్ప అందులో బిడ్డ కనపడదు.

"ఎక్కడ పెట్టావమ్మా దీన్ని?"

"మిషను ఎదురుగా, కిటికీ పక్కన. మా ఇంట్లో వెలుతురు బాగా వచ్చే చోటు అదొక్కటేనండి. పాపని చీకట్లో పెట్టబుద్ధి కాలేదు."

నర్సమ్మ ఫోటో మీదికి వంగింది.

"మొదట్లో నా కళ్ళకే ఏదో అయిందనుకున్నాను. సూదిలో దారం ఎక్కుతూనే ఉంది, మరి పాప మొహమే ఎందుకిలా అవుతోందనుకున్నాను. ఇంకొకటి వేసివ్వండి సిస్టర్. మీ కంప్యూటర్లో ఉంటుంది కదా."

"లేదమ్మా. నీకిచ్చిన మర్నాడే చెరిపేశాను."

టైలరమ్మ ఏడవలేదు. ఒళ్ళో ఉన్న ఫ్రేము మీద గుడ్డ మళ్ళీ కప్పి, నాలుగు మూలలూ లోపలికి మడిచి సర్దింది. సర్దిన మూలలే మళ్ళీ సర్దింది.

నర్సమ్మ నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. ఎండలో పెడితే ఏ ఫోటో అయినా పోతుందమ్మా అని. అందులో అబద్ధం కూడా లేదు. ఇలాంటి రోజు కోసమే నాలుగేళ్ళుగా ఆ మాట దాచిపెట్టుకుంది. ఆ చేతులు గుడ్డ మూలలు సర్దడం చూశాక అది నోరు దాటి రాలేదు.

"నీ కిటికీ తప్పేం లేదు. నేను వాడిన ఇంకే అలాంటిది. అది నిలవదని నాకు నాలుగేళ్ళ కిందటే తెలిసింది. తెలిసి కూడా నీకు చెప్పలేదు," అంది.

టైలరమ్మ తలెత్తి చూసింది. "ఇలాంటివి ఇంకెన్ని ఇచ్చారు?"

"నీది కాక నలభై ఒకటి."

"వాళ్ళకి చెప్పారా?"

"లేదు."

"చెప్పండి. ముందు నాదాని సంగతి చూడండి, తరవాత వాళ్ళకి చెప్పండి. గోడ మీదుంటే తీసి లోపల పెట్టుకుంటారు." గొంతు పెంచలేదు. పెంచి నాలుగు దులిపి ఉంటే నర్సమ్మకి కాస్త తేలిగ్గా ఉండేది.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ భర్త ముందుకొచ్చి ఫ్రేము కోసం చెయ్యి చాపాడు. "ఇటివ్వమ్మా. కాగితం అద్దానికి అంటుకుపోయిందేమో చూద్దాం." పనిబల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి ఫ్రేముని బోర్లా పెట్టాడు. పట్టకారుతో వెనక మేకులు ఒక్కొక్కటే లాగాడు. చెక్క ఎత్తి, ఫోటోని రెండు చేతులతో బయటికి తీసి, వెల్లకిలా పెట్టాడు.

ముగ్గురూ వంగి చూశారు. వెలిసిపోయిన బొమ్మ చుట్టూ వేలెడు వెడల్పున ఒక పట్టీ ఉంది. ఫ్రేము అంచు కింద ఆరేళ్ళు వెలుతురు చూడని పట్టీ. అందులో రంగులు నిన్న అచ్చు వేసినట్టున్నాయి. ఎడమవైపు పట్టీలో ఎర్రగా ఒక మణికట్టు. పట్టీ దాటగానే అదే చెయ్యి ఒక్కసారిగా పాలిపోయి, వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఉత్త గీతలయింది.

"ఎవరిదీ చెయ్యి?" అంది టైలరమ్మ. "ఇన్నాళ్ళూ వేళ్ళే కనపడేవి. తువ్వాలు మడతలనుకున్నాను."

"నాదే. పాప తల కింద పెట్టాను."

భర్త ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఇన్నేళ్ళ తగువులో అంచు గెలిచిన రోజున ఆ మాట అనాలనిపించలేదు ఆయనకి.

నర్సమ్మ ఆ పట్టీ మీద వేలు ఆనించకుండా గాలిలోనే చూపించింది. "ఇక్కడున్నదీ నా చెయ్యే, ఇక్కడున్నదీ నా చెయ్యే. ఒకటే చర్మం. సగం అంచు కింద ఉండిపోయింది, సగం ఎండలో పడింది. వేళ్ళ దగ్గర ఏ రంగు ఎంత పోయిందో పాప మొహంలోనూ అంతే పోయి ఉంటుంది. స్కానులో పెట్టి, ఈ వేళ్ళు మణికట్టు రంగుకి వచ్చేదాకా కలుపుకుంటూ పోతే మొహం కూడా తిరిగొస్తుంది. అంతా రాదమ్మా, వెంట్రుకల్లాంటి సన్నటివి కొన్ని పోయాయి. చాలా వరకు వస్తుంది."

"నేను కూర్చుంటాను," అంది టైలరమ్మ.

వెనక గదిలో స్కానరు మీద ఫోటో పెట్టి, తెర ముందు కూర్చుంది నర్సమ్మ. పనిచేస్తూనే కాగితాల పెట్టె టైలరమ్మ ముందుకి జరిపి, ఎంచుకోమంది. టైలరమ్మ ఒక్కొక్క కాగితం మూలా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు సగం మూసుకుని రుద్ది చూసింది. కొట్టులో గుడ్డ తీసుకునేటప్పుడు అలాగే చూస్తుంది కాబోలు. మెరుపు కాగితం దగ్గర పెదవి విరిచింది.

"ఇది వేలికి అంటుకుంటోంది."

"ఆ కాగితం మీద ఈ పొడిరంగు వేస్తే, పక్కనుంచి చూసినప్పుడు రాగి పూత పూసినట్టు కనిపిస్తుంది కూడా. దానికి ఆ పాత ఇంకే బాగుండేది. నేను మోసపోయింది కూడా ఆ తళతళకే."

రెండోది మెరుపు లేనిది. పక్కన పెట్టింది. మూడోదాని మూల పట్టుకుని ఆగిపోయింది. "ఇది బట్టలా ఉందే."

"పత్తితో చేస్తారు దాన్ని. చాలాకాలం పసుపెక్కకుండా ఉంటుంది."

"నూలేనా?"

"నూలే."

టైలరమ్మ ఆ కాగితాన్ని కాసేపు వదల్లేదు. "పాపకని తొమ్మిది జతలు కుట్టాను సిస్టర్. ఒక్కటీ ఒంటి మీద పడలేదు. ఆసుపత్రి తువ్వాలుతోనే వెళ్ళిపోయింది. ఇదే కానివ్వండి."

తెర మీద నర్సమ్మకి అక్షరాలు కాసేపు కనపడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

గంట పైగా పట్టింది. వేళ్ళకి ఎరుపు కలుపుతుంటే బుగ్గలకీ ఎరుపు వచ్చింది. పసుపు కాస్త, నీలం కాస్త కలిపేసరికి తువ్వాలు తువ్వాలయింది. మొహం గాలిలోంచి దిగివస్తున్నట్టు మెల్లగా నిలబడింది. నూలు కాగితంలోంచి రెండు వేళ్ళ వెడల్పు ముక్క కోసింది. ఏ వైపు ఇంకు పట్టే పూత ఉందో తెలుసుకోవడానికి తడి వేలు ఒక మూల ఆనించి చూసింది. పూత ఉన్న వైపు వేలిని పట్టుకుంటుంది. వెనక వైపు అచ్చు వేస్తే ఇంకు కాగితంలోకి ఇంకిపోయి బొమ్మంతా మసకబారుతుంది. ఆ పొరబాటు కూడా ఆవిడ ఒకప్పుడు చేసిందే. ముక్కని ప్రింటరులో పెట్టి, సగం చెయ్యీ సగం చెంపా వచ్చేలా అచ్చు వేసింది.

ముక్క బయటికి రాగానే టైలరమ్మ తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. "ట్యూబులైటు కింద నేను దారం కూడా ఎంచుకోను," అంది. ఎండకి మబ్బు అడ్డం వచ్చింది. ముక్కని కిందికి దించి, మబ్బు పోయేదాకా నిలబడింది. ఎండ వచ్చాక ఎత్తి చూసింది.

"ఇదేనండి. ఆరేళ్ళ కిందట మీరిచ్చిన ఫోటో ఇదే."

నర్సమ్మ ఊపిరి పీల్చుకుంది. టైలరమ్మ మాత్రం కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. కాసేపటికి వెనక్కి తిరక్కుండానే "మీ ఎడమచెయ్యి ఇలా ఇవ్వండి," అంది. నర్సమ్మ లేచి వెళ్ళి ఇచ్చింది. టైలరమ్మ ఆ చేతిని ఎండలోకి తిప్పి, మణికట్టు పక్కన ముక్క ఆనించింది. జాకెట్టు గుడ్డ పక్కన లైనింగు గుడ్డ పెట్టి చూసినట్టు చూసింది.

"మీ చెయ్యి ఇంత ఎర్రగా లేదు సిస్టర్."

నర్సమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"వయసుకి ముడతలొస్తాయి, మచ్చలొస్తాయి. చర్మం రంగు ఇంత మారదు. రోజూ నేను చేసేది రంగులు చూడడమే. ఫోటోలో మీ చెయ్యి ఇంత ఎర్రగా ఉందంటే, పాప కూడా ఉండవలసినదానికన్నా ఎర్రగా ఉందన్నమాటే కదా. అసలు పాప ఏ రంగులో ఉంది? నన్ను ఓదార్చకండి. నాకు చెప్పండి."

నర్సమ్మ స్టూలు మీద కూర్చుంది. టైలరమ్మ నిలబడే చెప్పుకొచ్చింది. ఆ రోజు వాళ్ళాయన మందుల కొట్టు దగ్గర వరసలో ఉన్నాడు. వచ్చేసరికి పాప మొహం మీద తువ్వాలు కప్పేశారు. తీసి చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది. అత్తగారు గది బయటే ఉండిపోయింది. ఇంట్లో అందరూ చూసింది ఫోటోనే.

"ఫోటోలో గులాబీ రంగులో ఉంది. హాయిగా నిద్రపోతున్నట్టుంది, నీకే మత్తులో ఏదో అనిపించిందంటారు అందరూ. నాకు మాత్రం నీలంగా ఉన్నట్టు గుర్తు. గోళ్ళు, పెదాలు, చెవి అంచు. అంటే నమ్మరు. అని అని నేనే మానేశాను. నాకున్నవి ఆ నలభై నిమిషాలే సిస్టర్. అవి కూడా సరిగ్గా చూడలేదంటే ఇంక నా దగ్గరేముంది?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నర్సమ్మ తల్లులకి ఎన్నో చెప్పింది. ఏమీ కాదంది, అంతా మంచికేనంది, ధైర్యంగా ఉండమంది. వాటిల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

"నీలంగానే ఉంది," అంది. "గోళ్ళు, పెదాలు, చెవి అంచు. నువ్వు సరిగ్గానే చూశావు. అచ్చు వేసేముందు నేనే ఎరుపు కలిపాను. ఆ ఫోటోలన్నిటికీ కలిపేదాన్ని. తల్లులు చూసి తట్టుకోలేరనుకున్నాను."

"నేను చూశాను కదా. చూసి తట్టుకున్నాను కదా. మరి ఎవరి కోసం కలిపారు?"

"నా కోసమేనేమో," అంది నర్సమ్మ. "ముప్ఫై ఏళ్ళు చూసినా ఆ రంగు నాకు అలవాటు కాలేదు."

గది తలుపు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. పెళ్ళాం చేసే పని ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు గాని ఈ మాట ఆయనా ఇప్పుడే విన్నాడు. అడుగుల చప్పుడు కాకుండా పనిబల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తను పైనుంచి కలిపిన ఎరుపే ఎండకి అన్నిటికన్నా ముందు పోయింది. ఇవాళ పొద్దున్నించీ మళ్ళీ దాన్నే కూడగట్టి తెచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నర్సమ్మకి తన మీద తనకే రోత పుట్టింది. వెళ్ళి తెర ముందు కూర్చుంది.

"ఏం చేస్తున్నారు?" అంది టైలరమ్మ.

"తీసేస్తున్నాను. ఎంత కలిపానో నాకు గుర్తులేదు. నా చెయ్యి నా చెయ్యిలా అయ్యేదాకా తీస్తాను. అది సరిపోతే పాప కూడా సరిపోయినట్టే."

రెండో ముక్క వేశారు. టైలరమ్మ నర్సమ్మ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గర ఆనించి చూసి, ఇంకా తీయమంది. మూడోది. ఇంకా. నాలుగో ముక్కలో బుగ్గ మీది గులాబీ రంగు మాసిపోయింది. పెదాల చుట్టూ నీడ కమ్ముకుంది. నర్సమ్మకి ఆ గది, ఆ మంచం, బెడ్‌లైటు కింద తువ్వాలు విప్పిన క్షణం కళ్ళ ముందుకొచ్చాయి. చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"ఇక్కడ ఆపేద్దామా తల్లీ? ఇదీ చాలా దగ్గరగానే ఉంది."

టైలరమ్మ ముక్కనీ చేతినీ మార్చి మార్చి చూసింది. "లేదండి. మీ చెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది."

అయిదో ముక్క ఎండలో మణికట్టు పక్కన పెడితే, కాగితం ఎక్కడ అయిపోయిందో చర్మం ఎక్కడ మొదలైందో ఒక్క క్షణం తెలియలేదు. నర్సమ్మ తన చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. టైలరమ్మ చూపు ముక్కలో రెండో సగం మీద ఉంది. చెంప బూడిదరంగుకి దగ్గరగా ఉంది. పెదాలు నేరేడుపండు రంగు. చెవి అంచు నీలం.

"వచ్చావా అమ్మా," అంది టైలరమ్మ ఆ ముక్కతో. అప్పుడు ఏడ్చింది. నర్సమ్మ కూడా ఏడ్చింది. ఒకరినొకరు ఊరుకోబెట్టుకోలేదు.

మధ్యాహ్నం దాటాక పూర్తి ఫోటో వేశారు. ముందు ప్రింటరులో ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకుపోలేదు కదా అని ఒక పరీక్ష పేజీ వేసి చూసుకుంది నర్సమ్మ. నూలు కాగితానికున్న నూగు మెత్తటి కుంచెతో దులిపింది. మిషను ఒక్కొక్క గీతే గీసుకుంటూ పోయింది. ముందు తువ్వాలు అంచు వచ్చింది, తరవాత నుదురు, కళ్ళు. టైలరమ్మ వంగి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. మొత్తం బయటికి వచ్చాక కూడా ముట్టుకోలేదు. తడి ఆరకముందే అద్దం కింద పెడితే అద్దానికి ఆవిరి పడుతుందని, రేపటిదాకా ఆగాలని నర్సమ్మ చెప్పింది.

"ఆగుతాను. ఇంట్లో మిషను ఎదురుగా పెట్టను ఈసారి. వెనక గోడకి పెట్టుకుంటాను. తల తిప్పితే కనపడుతుంది."

మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఆసరికి నర్సమ్మ తయారై చెప్పుల దగ్గర నిలబడి ఉంది. చేతిలో పాత నోటుబుక్కు. ఏ తేదీన ఏ కాగితం మీద ఏ ఇంకుతో వేసిందీ అందులో ఉంది గాని పేర్లు లేవు. ఆ తేదీలు పట్టుకుని ఆసుపత్రి రికార్డు గదికి వెళ్ళి చిరునామాలు తీయించుకోవాలని బయల్దేరుతోంది.

"నలభై ఒకటీ దొరక్కపోవచ్చు. దొరికినన్ని," అంది. "ఇంకు సంగతీ చెప్తాను, ఎరుపు సంగతీ చెప్తాను." తరవాత, అలవాటు ప్రకారం అడిగింది, "నీది కంప్యూటర్లోంచి తీసెయ్యనా?"

"వద్దండి. ఉండనివ్వండి మీ దగ్గర. పాపకి నేనొక్కదాన్నే ఉన్నాను ఇన్నాళ్ళూ."

పనిబల్ల దగ్గర భర్త కొత్త ఫ్రేముకి కర్ర కొలుచుకుంటున్నాడు. పెన్సిలుతో అంచు గీత గీశాడు. ఎప్పటిలాగే వేలెడు. టైలరమ్మ వెళ్ళి ఆ గీత చూసింది.

"బాబాయిగారూ, అంచు సన్నగా పెట్టండి."

"సన్నగా పెడితే అద్దం నిలవదమ్మా. అయినా ఆ అంచు కింద దాగి ఉండబట్టే కదా పాతది ఈ మాత్రం దొరికింది."

"తెలుసండి. అద్దం జారితే మళ్ళీ తీసుకొస్తాను. సిస్టర్ చెయ్యి మొత్తం కనపడాలి."

"నా చెయ్యి ఎందుకమ్మా?" అంది నర్సమ్మ గుమ్మంలోంచి.

"ఎవరైనా వచ్చి రంగు తప్పుగా పడిందంటే చూపించడానికి. ఈ చెయ్యి సరిగ్గానే ఉంది కదా, చూడండి అంటాను. ఆ రోజు పాపని నేను కాక ఇంకొకళ్ళు కూడా పట్టుకుని చూశారంటాను."

భర్త ఇద్దరి వంకా ఒకసారి చూశాడు. రబ్బరు తీసుకుని, గీసిన గీత తుడిచేసి, గోరు మందాన ఇంకో గీత గీశాడు.